‘సేవ్ అయింది’ అనే ముందు డిస్క్‌ను ఒక్క మాట అడగండి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు కాంటాలకు, మిల్లులకు, దుకాణాలకు, ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ రాసే ప్రోగ్రామర్లకు,
ఆ సాఫ్ట్‌వేర్ కొని మా ముందు పెట్టే యజమానులకు, అధికారులకు,
ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రోగ్రామింగ్ చెప్పే సార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం.

నేను హనుమకొండలో కంప్యూటర్లు, ప్రింటర్లు, సీసీ కెమెరాలు బాగుచేసుకుని బతికేవాణ్ని. డిస్క్ నిండి ఫైలు రాయలేకపోయినా ‘సేవ్ అయింది’ అని చూపించే తప్పు గురించి ముందు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి రెండు మెయిళ్లు పెట్టాను, ఒక రిజిస్టర్డ్ పోస్టు పంపాను, ఫోన్లయితే లెక్కపెట్టలేదు. చివరికి ‘మీ టికెట్ క్లోజ్ చేశాం’, అంటే ఫిర్యాదు మూసేశాం అని మెసేజ్ వచ్చింది. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను. కంపెనీ పేరు గానీ మిల్లు పేరు గానీ రాయను. పేరు రాస్తే ఇది వాళ్లిద్దరి గొడవ అయిపోతుంది, మిగతావాళ్లు చదివి ఊరుకుంటారు. ఇదే తప్పును ఇంకో మూడు చోట్ల నా కళ్లతో చూశాను కాబట్టి ఆ ఇద్దరితో పోయేది కాదని నాకు తెలుసు.

నిరుడు పత్తి సీజన్‌లో, ఒక జిన్నింగ్ మిల్లు దగ్గరి వేబ్రిడ్జి కాంటా. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ వచ్చింది. “అన్నా, పొద్దుటి తూకాలు కనిపిస్తలేవు, జెల్ది రా” అని ఆపరేటర్ పిల్లగాడు. గొంతులో ఏడుపు వినిపిస్తోంది. బండి తీసుకుని వెళ్లేసరికి ఆ చిన్న గది చుట్టూ ముప్పై నలభై మంది ఉన్నారు.

కాంటా పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. పత్తి ట్రాక్టరు లోడుతో కాంటా ఎక్కుతుంది. అది మొదటి తూకం. లోపలికి వెళ్లి పత్తిని కుప్పలో పోసి, ఖాళీ ట్రాలీతో మళ్లీ కాంటా ఎక్కుతుంది. అది రెండో తూకం. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే రైతు పత్తి. లోడుతో 5,420 కిలోలు, ఖాళీగా 3,760 అయితే పత్తి 1,660 కిలోలు, అంటే పదహారు క్వింటాళ్ల అరవై కిలోలు. క్వింటాకు ఏడు వేలు అనుకున్నా లక్షా పదహారు వేల పైమాట. ఈ రెండు తూకాల మధ్య గంట పట్టొచ్చు, మూడు గంటలూ పట్టొచ్చు. అంతసేపూ మొదటి తూకాన్ని గుర్తుపెట్టుకునేది కంప్యూటర్ ఒక్కటే. ఈ మిల్లులో మొదటి తూకానికి చీటీ ఇవ్వరు. టోకెన్ నంబరు చెప్పి పంపిస్తారు. రెండో తూకం అయ్యాకే చీటీ. పైగా ఒకసారి కుప్పలో పడ్డ పత్తి ఎవరిదో ఎంతో మళ్లీ తీసి తూచేది ఉండదు. ఆ కుప్ప అప్పటికి ఇల్లంత ఎత్తుంది.

ఆ రోజు పొద్దున ఏడు నుంచి 31 బండ్లు మొదటి తూకం వేయించుకున్నాయి. ప్రతి తూకానికీ స్క్రీన్ మీద ఆకుపచ్చ డబ్బా వచ్చింది, అందులో ‘సేవ్ అయింది’ అని. రెండున్నరకు కరెంటు ఒక్క నిమిషం పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేస్తే ఆ రోజు తూకం ఒక్కటీ లేదు.

నేను చూసింది ఇదీ. డిస్క్ నూటికి నూరు శాతం నిండి ఉంది. నెల మొత్తం తూకాలు ఉండాల్సిన ఫైలు 12,288 బైట్ల దగ్గర ఆగిపోయింది. 4,096ను మూడుతో హెచ్చవేస్తే సరిగ్గా అంత. చివరి లైనులో బండి నంబరు సగం వరకే ఉంది, రెండు అక్షరాలు, రెండు అంకెలు, అంతే. ముందురోజు దాకా ఉన్నవి రాత్రి పెన్‌డ్రైవ్‌లోకి తీసిన కాపీలోంచి తెచ్చాను. ఆ రోజువి మాత్రం ఎక్కడా లేవు.

31లో 16 బండ్లకు రెండో తూకం కూడా అయిపోయి రైతు చేతిలో చీటీ ఉంది. ఆరు బండ్లు ఇంకా లోడుతోనే నిలబడి ఉన్నాయి, వాటిని మళ్లీ తూచారు. మిగిలిన తొమ్మిది బండ్ల పత్తి కుప్పలో కలిసిపోయింది.

కెమెరాలో చూద్దామన్నారెవరో. చూస్తే ఆఖరి క్లిప్ పది గంటల పన్నెండు నిమిషాలది. అక్కడితో రికార్డింగ్ ఆగిపోయింది, అదీ అదే డిస్క్ మీద కదా. స్క్రీన్ మీద మాత్రం ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది, రికార్డింగ్ నడుస్తున్నట్టు. ఒకే గదిలో రెండు ప్రోగ్రాములు నాలుగు గంటలకు పైగా అబద్ధం చెప్తూ కూర్చున్నాయి.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. కెమెరా రికార్డింగ్‌ను ఆ డిస్క్‌కే పెట్టింది నేనే. వేరే హార్డ్‌డిస్క్ కొనమంటే యజమాని వచ్చే నెల చూద్దామన్నాడు, నేనూ సరేనన్నాను. డిస్క్ నిండటం నా నెత్తిన వేయండి, కాదనను. నిండిన సంగతి దాచిపెట్టడం మాత్రం నా పని కాదు.

తప్పు రెండున్నరకు జరగలేదు. పదీ పన్నెండు తర్వాత ఎక్కిన మొదటి బండి దగ్గరే జరిగింది. ఆ ప్రోగ్రాము ప్రతి తూకానికీ పాత ఫైలును తెరవగానే ఖాళీ చేసి, మొత్తం మళ్లీ మొదటినుంచి రాస్తుంది. ఖాళీ చేయగానే విడుదలైన చోటును పక్కనే కాచుకున్న కెమెరా ప్రోగ్రాము మింగింది. తిరిగి రాయబోతే మూడు ముక్కలు పట్టాయి, నాలుగోదానికి చోటు లేదు. అందుకే పదింటిలోపు చక్కగా సేవ్ అయిన తూకాలు కూడా పోయాయి. అయినా మెమరీలో మొత్తం లెక్క ఉంది కాబట్టి స్క్రీన్ మీద అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి, చీటీలు ప్రింటవుతూనే ఉన్నాయి. పదీ పదిహేనుకే ‘సేవ్ కాలేదు’ అని చెప్పి ఉంటే ఏమయ్యేది? పిల్లగాడు ఇరవై రూపాయల నోట్‌బుక్ తెచ్చి రాసుకునేవాడు. నాలుగు గంటల పైగా టైముంది.

అక్కడే కూర్చుని ఎస్‌ట్రేస్ అనే పరికరంతో ప్రోగ్రాము కెర్నల్‌తో, అంటే డిస్క్ పనులు చేసిపెట్టే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయతో ఏం మాట్లాడుతోందో చూశాను. ప్రోగ్రాము రాయమంది, రాశానని జవాబు. మళ్లీ రాయమంది, రాశానని జవాబు. మూడోసారీ అంతే. నాలుగోసారి మైనస్ ఒకటి, ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’, అంటే డిస్క్‌లో చోటు లేదు, రాయలేకపోయానని. ప్రోగ్రాము ఆ జవాబు వైపు చూడలేదు. ఫైలు మూసి, ఆకుపచ్చ డబ్బా చూపించింది. హమాలీని బస్తా గోదాములో వేసి రమ్మని పంపితే, “సేటూ, గోదాము నిండింది, బస్తా బయటనే ఉంది” అని వచ్చి చెప్పాడనుకోండి. గుమాస్తా తలెత్తకుండా ‘జమ’ అని రాసుకున్నట్టుంది ఇది.

కంపెనీ అబ్బాయి రిమోట్‌లో వచ్చాడు. తనే ఒక తూకం కొట్టి చూసి “మాకు సేవ్ అవుతోంది కదా అన్నా” అన్నాడు. అతను రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా లాగిన్ అయి ఉన్నాడు. లినక్స్‌లో డిస్క్ మీద ఫైళ్లను సర్దే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం పక్కన పెడుతుంది. మామూలు యూజర్‌కు డిస్క్ నిండినా రూట్‌కు ఇంకా చోటుంటుంది. ఇది చెప్తే ఎర్రర్ లాగ్ పంపమన్నాడు. లాగ్ ఫైలు కూడా అదే డిస్క్ మీదుంది, సైజు సున్నా. ఆ తర్వాత వాళ్ల మేనేజర్ అన్న మాట: “డిస్క్ నిండకుండా చూసుకోవడం కస్టమర్ బాధ్యత.” ఆ ముక్క పట్టుకునే టికెట్ మూసేశారు.

ఇప్పుడు ప్రోగ్రామర్ మిత్రులతో కాస్త వివరంగా మాట్లాడతాను. మిగతావాళ్లు ఈ నాలుగైదు పేరాలు దాటేసి, కింద అంకెలు వేసి రాసిన వరుస దగ్గరికి వెళ్లినా ఫర్వాలేదు.

రైట్ అనే సిస్టమ్ కాల్, అంటే రాసిపెట్టమని ప్రోగ్రాము కెర్నల్‌ను అడిగే పిలుపు, మూడు రకాల జవాబులు చెప్తుంది. అడిగినన్ని బైట్లు రాశాననొచ్చు. రాయలేకపోయానని మైనస్ ఒకటి ఇచ్చి, కారణాన్ని ఎర్‌నో అనే ఎర్రర్ నంబరులో పెట్టొచ్చు. లినక్స్‌లో చోటు లేకపోతే 28, ఒక్కో యూజర్‌కు ఇచ్చిన చోటు హద్దు, అంటే కోటా దాటితే 122, డిస్క్ దెబ్బతింటే 5. విండోస్‌లో రైట్‌ఫైల్ ఫెయిలై డిస్క్ నిండిందనే ఎర్రర్ 112 వస్తుంది. ఈ రెండు జవాబులూ చాలామందికి తెలుసు. మూడోదే జారిపోతుంది. 5,000 బైట్లు ఇస్తే 3,000 రాసి ‘3,000’ అని చెప్పొచ్చు. అది ఎర్రర్ కాదు. మిగతా 2,000 మళ్లీ ఇవ్వాల్సింది మనమే, ఇచ్చినప్పుడే 28 బయటపడుతుంది. మైనస్ ఒకటి కోసం మాత్రమే చూసేవాడికి ఇది ఎప్పటికీ తెలియదు.

సీ భాషలో ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ వాడితే ఇంకో తిరకాసు ఉంది. మీరు రాసింది ముందు బఫర్‌లో, అంటే మెమరీలోని తాత్కాలిక గంపలో పడుతుంది. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ బాగానే ఉందంటుంది, ఎందుకంటే అది ఇంకా డిస్క్ గడప తొక్కలేదు. అసలు సంగతి ఎఫ్‌ఫ్లష్ దగ్గరో ఎఫ్‌క్లోజ్ దగ్గరో తెలుస్తుంది. ఎఫ్‌క్లోజ్ చెప్పే జవాబును, అంటే రిటర్న్ వాల్యూను చూసేవాళ్లు మనలో ఎంతమంది? నేను కూడా డిప్లొమాలో ఒక్కసారీ చూడలేదు, చూడమని ఎవరూ చెప్పలేదు. లినక్స్‌లో డెవ్ డైరెక్టరీ కింద ‘ఫుల్’ అని ఒక ఉత్తుత్తి పరికరం ఉంటుంది. దాంట్లోకి ఏం రాసినా చోటు లేదనే అంటుంది. మనమంతా మొదటిరోజు రాసిన హలో వరల్డ్ ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను దాంట్లోకి మళ్లించి, ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఇచ్చే అంకె, అంటే ఎగ్జిట్ కోడ్ చూడండి. సున్నా వస్తుంది, అంతా సవ్యంగా జరిగినట్టు. మన చదువే అక్కడ మొదలైంది, ఇక కాంటా ప్రోగ్రామును ఏమనాలి? జావా వాళ్లు నవ్వక్కర్లేదు. సిస్టమ్ డాట్ అవుట్ కూడా ఎర్రర్‌ను లోపలే మింగేస్తుంది, చెక్‌ఎర్రర్ అని అడిగితే తప్ప నోరు విప్పదు. ఎక్సెప్షన్ పట్టుకుని క్యాచ్ బ్లాక్‌లో ఏమీ రాయకుండా వదిలేసే అలవాటు గురించి చెప్పనే అక్కర్లేదు.

రైట్ సరేనన్నా పని అయిపోలేదు. సరుకు అప్పటికి కెర్నల్ మెమరీలో ఉంటుంది, డిస్క్‌కు తర్వాత వెళ్తుంది. నెట్‌వర్క్ మీద ఇంకో కంప్యూటర్ డిస్క్‌కు, అంటే ఎన్‌ఎఫ్‌ఎస్ మీద రాసేటప్పుడైతే చోటు లేదన్న కబురు క్లోజ్ చేసేటప్పుడు రావచ్చు. అందుకే రాసిందాన్ని ఇప్పుడే డిస్క్‌కు చేర్చమనే ఎఫ్‌సింక్ అడగాలి, దాని జవాబు కూడా చూడాలి. అది ఫెయిలైతే ఇంకోసారి పిలిచి ‘ఈసారి సరేనంది’ అని సంతోషపడొద్దు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రాసేవాళ్లకు ఈ దెబ్బ 2018లో తెలిసొచ్చింది. ఒకసారి ఫెయిలైన ఎఫ్‌సింక్‌ను మళ్లీ పిలిస్తే లినక్స్ సరే అనేది, పోయిన డేటా మాత్రం పోయినట్టే ఉండేది. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి ఆ డేటాబేస్ ఎఫ్‌సింక్ ఫెయిలైతే అక్కడికక్కడే కుప్పకూలి, తన లాగ్‌లోంచి మళ్లీ కోలుకునేలా మార్చారు. అంతటి డేటాబేసే తన జవాబును నమ్మకుండా ఆగిపోతోంది, మన కాంటా ప్రోగ్రాముకు ఆ మాత్రం భయం ఉండొద్దా?

“మేం ముందే ఖాళీ ఎంతుందో చూసి రాస్తాం” అనేవాళ్లున్నారు. చూడండి, మంచిదే. కానీ మీరు చూసిన క్షణానికీ రాసిన క్షణానికీ మధ్య పక్క ప్రోగ్రాము ఆ చోటు తినేయొచ్చు. కోటా ఉండొచ్చు. కెమెరా లక్షల కొద్దీ చిన్న ఫొటోలు పడేసే చోట ఐనోడ్‌లు, అంటే ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున కావాల్సిన నమోదు గళ్లు అయిపోయి, ఖాళీ కనిపిస్తూనే అదే ఎర్రర్ 28 రావచ్చు. ముందు చూడటం ఆపరేటర్‌ను హెచ్చరించడానికి. రాసింది నిలిచిందో లేదో చెప్పేది రిటర్న్ వాల్యూ ఒక్కటే.

ఇదంతా డిస్క్ నిండితే కదా, పల్లె కాంటాల గోల కదా అనుకోవద్దు. 2023 ఆగస్టు 29న జపాన్‌లో టయోటా తన 14 ఫ్యాక్టరీలను ఆపేయాల్సి వచ్చింది. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్ల డేటాబేస్‌ను సర్దుతుంటే డిస్క్‌లో చోటు చాలలేదని తర్వాత కంపెనీయే చెప్పింది. అంత పెద్ద కంపెనీకీ డిస్క్ నిండుతుంది. కాకపోతే వాళ్ల సిస్టమ్ ఆగిపోయింది, ఆగిందని అందరికీ తెలిసింది. మన దగ్గర ఆగకుండా ఆకుపచ్చ డబ్బా చూపిస్తూ పోయింది.

ఈ చిన్న తప్పు ఎవరి మీద పడుతోందో ఇక వరుసగా చెప్తాను.

1. తొమ్మిది బండ్లలో ఒకటి పరకాల వైపు నుంచి వచ్చిన ఒక కౌలు రైతు అక్కది. “పొద్దుగాల కాంటా మీద ఎర్రటి అంకెలు నా కండ్ల ముందటనే పడ్డయి. రాసుకుంటనంటే కంప్యూటర్ల ఎక్కింది పో అన్నరు, పోయిన” అంది. పదిహేడు క్వింటాళ్లకు తక్కువుండదని ఆమె, ట్రాలీ చూస్తే పదిహేను దాటదని గుమాస్తా. చీకటి పడేదాకా మాటలు నడిచి పదహారుకు తెగింది. అసలెంతో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఒక్క క్వింటా తేడా అంటే ఏడు వేలు, ఇంటిల్లిపాది నడుం వంచి ఏరిన పత్తి. వెళ్లేటప్పుడు నన్ను పక్కకు పిలిచి “కంప్యూటర్ అబద్ధమాడుతదా బిడ్డా?” అని అడిగింది. ఆడుతుందక్కా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

2. ఆపరేటర్ పిల్లగాడి జీతంలో కోత పడింది. అతను చేసిన తప్పు ఏమిటంటే స్క్రీన్ మీద వచ్చిన మాటను నమ్మడం. ప్రోగ్రామర్ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. కిటికీ వెనకాల కూర్చున్నవాడే అందరికీ కనిపిస్తాడు, తిట్లూ వాడికే.

3. ఒక ల్యాబ్‌లో రక్తపరీక్ష రిపోర్టు ఫైలు సున్నా సైజుతో మిగిలింది. స్క్రీన్ మీద ‘రిపోర్ట్ తయారైంది’ అని ఉంది. ఊరినుంచి వచ్చిన పెద్దాయన బస్సు ఛార్జీ పెట్టుకుని మళ్లీ వచ్చి, మళ్లీ రక్తమిచ్చి పోయాడు. షుగరు కాబట్టి సరిపోయింది.

4. దరఖాస్తులు నింపే ఒక సెంటర్‌లో స్కాన్ చేసిన పత్రాలు సగానికి తెగిపోయాయి. పైకి చూస్తే ఫైలు ఉంది, తెరిస్తే రెండో పేజీ లేదు. అమ్మాయి అప్లికేషన్ తిరిగొచ్చేసరికి గడువు దాటింది. ఎవరినని అడుగుతుంది?

5. కిరాణా కొట్లో ఉద్దెర ఖాతా. దీని గురించి ఎక్కువ చెప్పను. పోయిన లెక్కల దగ్గర సేటూ, గిరాకీ ఇద్దరూ నిజమే చెప్తున్నామంటారు. పదిహేనేళ్ల స్నేహం రెండు నెలల్లో చెడింది.

ఇక నా డిమాండ్లు. విన్నపాలు అని ఇప్పటికే మూడుసార్లు రాశాను కాబట్టి ఈసారి డిమాండ్లు అంటున్నాను.

1. ప్రోగ్రామర్లకు: రైట్, ఫ్లష్, ఎఫ్‌సింక్, క్లోజ్, రీనేమ్, ఈ ఐదింటి జవాబూ చూడకుండా ‘సేవ్ అయింది’ అనే మాట స్క్రీన్ మీదికి రానివ్వకండి. ఒక్కటి కాదన్నా ఆ మాట రాకూడదు.

2. పాత ఫైలును ఖాళీ చేసి దానిమీదే రాయడం మానండి. అదే ఫోల్డర్‌లో కొత్త పేరుతో రాసి, ఎఫ్‌సింక్ చేసి, మూసి, అన్నీ సరిగ్గా ఉంటేనే పాత పేరుకు మార్చండి. మధ్యలో చోటు చాలకపోతే పోయేది ఆ కొత్త కాపీ, పాతది భద్రంగా ఉంటుంది. ఆ మిల్లులో ఈ ఒక్క పని చేసి ఉంటే కనీసం పదింటిలోపు తూకాలు మిగిలేవి. ఇందుకు మహా అయితే ముప్పై లైన్లు పెరుగుతాయి.

3. ఎర్రర్ మెసేజ్ తెలుగులో, ఆపరేటర్‌కు పనికొచ్చేలా ఉండాలి. ‘ఎర్రర్ 28’ అంటే వాడికేం తెలుస్తుంది? ‘డిస్క్ నిండింది. ఈ తూకం సేవ్ కాలేదు. కాగితం మీద రాసుకోండి. కొత్త బండి ఎక్కించకండి’ అని పెట్టండి. ఎర్రగా, ఓకే నొక్కేదాకా పోకుండా. బీప్ కూడా పెట్టండి, గదిలో గోల ఎక్కువ.

4. నిండిన డిస్క్ మీద పరీక్షించకుండా సాఫ్ట్‌వేర్ ఇవ్వకండి. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఒక ఎంబీ సైజుతో టీఎంపీఎఫ్‌ఎస్, అంటే మెమరీలో ఉండే ఉత్తుత్తి డిస్క్ మౌంట్ చేస్తే నిమిషంలో నిండిపోతుంది. రూట్‌గా కాకుండా మామూలు యూజర్‌గా నడపండి. చోటు అయిపోయిన క్షణంలో కరెంటు తీసినట్టు ప్రోగ్రామును చంపి, మళ్లీ తెరిచి లెక్క సరిచూడండి.

5. కొనే అధికారులకు, యజమానులకు: టెండర్‌లో, కొనుగోలు కాగితంలో ఒక లైను చేర్చండి. ‘డిస్క్ నిండినప్పుడు సాఫ్ట్‌వేర్ సేవ్ కాలేదని చెప్పాలి, పాత డేటా చెడకూడదు, ఇది మా ముందు చేసి చూపించాలి.’ డబ్బు ఇచ్చే రోజు చూపించమంటే ఎంత కంపెనీ అయినా చూపిస్తుంది. మిల్లు యజమానులకు ఇంకో మాట. ఒక హార్డ్‌డిస్క్, ఒక యూపీఎస్ బ్యాటరీ కొనండి. మొదటి తూకానికి కూడా చీటీ ఇవ్వండి. కాగితం ఖర్చు గురించి మీరు చెప్పే లెక్క నాకు తెలుసు, ఆ రోజు తొమ్మిది బండ్ల దగ్గర జరిగిన గొడవ ఖర్చు మీకూ తెలుసు.

6. తూనికలు, కొలతల శాఖ వారికి: మీరు ఏటా వచ్చి కాంటాను సరిచూసి ముద్ర వేస్తారు. కాంటా హద్దు దాటి తేడా చూపిస్తే కేసు అవుతుంది. ఆ కాంటా చెప్పిన అంకెను గుర్తుపెట్టుకునే కంప్యూటర్ లోడు తూకం మొత్తాన్నే మర్చిపోతే ఎవరిని అడగాలి? ముద్ర వేయడానికి వచ్చిన రోజు, మొదటి తూకానికి కాగితం ఇస్తున్నారా లేదా అని ఒక్క ప్రశ్న అడగండి. డిస్క్ సంగతి మీరు చూడక్కర్లేదు, ఆ కాగితం ఉంటే చాలు.

7. కాలేజీ సార్లకు, మేడమ్‌లకు: ఫైళ్ల ల్యాబ్‌లో ఫైలు తెరిచి రాసి మూస్తే పది మార్కులు వేస్తున్నారు. అందులో ఐదు మార్కులు డెవ్ ఫుల్‌లోకి రాయించి, ప్రోగ్రాము ఏమందో చూసి వేయండి. ‘హలో’ అని చెప్పలేకపోయినప్పుడు ఆ ప్రోగ్రాము సున్నా కాకుండా వేరే ఎగ్జిట్ కోడ్ ఇవ్వాలి. పిల్లలు ఒక్క పీరియడ్‌లో నేర్చుకుంటారు. కాజీపేట నుంచి కరీంనగర్ దాకా ఎన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయో మీకు తెలుసు. వాటిల్లో చదివిన పిల్లలే రేపు ఈ కాంటాలకు ప్రోగ్రాములు రాస్తారు.

కంపెనీ మేనేజర్ గారికి విడిగా ఒక మాట. డిస్క్ నిండకుండా చూసుకోవడం కస్టమర్ బాధ్యత అన్నారు. ఒప్పుకుని, కెమెరాకు నా డబ్బుతో వేరే డిస్క్ పెట్టాను. కౌలు రైతు అక్కకు ఏమీ ఇవ్వలేకపోయాను, అది వేరే సంగతి. మీ వంతు ఇంకా అలాగే ఉంది. మీ ప్రోగ్రామ్‌ను నిండిన ఏ డిస్క్ మీద పెట్టినా అదే పని చేస్తోంది, వీడియో తీసి మీకు పంపాను కూడా. ఆ వీడియో నలభై సెకన్లే. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు.

దసరా దాటితే మళ్లీ పత్తి వస్తుంది. ఈలోగా వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల ఏ కాంటా దగ్గరికైనా, ఏ సెంటర్‌కైనా వచ్చి, ఒక ఎంబీ డిస్క్ మీద మీ సాఫ్ట్‌వేర్‌ను నడిపి చూపిస్తాను. డబ్బులు వద్దు, చాయ్ తాగిస్తే చాలు. ఆదివారాలు ఖాళీగానే ఉంటాను.

ఆ మిల్లులో ఇప్పుడు కంప్యూటర్ పక్కన గోడకు మేకు కొట్టి, దారంతో ఒక పొడుగు పుస్తకం వేలాడదీశారు. పిల్లగాడు ఎర్ర అంకెలు చూసి ముందు అందులో రాసి, రైతుతో సంతకమో వేలిముద్రో పెట్టించి, ఆ తర్వాతే సేవ్ బటన్ నొక్కుతున్నాడు. అప్‌డేట్ వచ్చేదాకా ఆ పుస్తకం తీయొద్దని చెప్పి వచ్చాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక కంప్యూటర్ మెకానిక్